వేడికి మగవి కాలేదు: సి. ఎలిగాన్స్‌లో శుక్రకణమా, అండమా అన్నది ఎక్కడ తేలుతుంది

అమ్మా, మీ ప్రశ్న చదివాను. కోనసీమలోని మీ కళాశాల ప్రయోగశాలలో సి. ఎలిగాన్స్ అనే చిన్న నులిపురుగులను పెంచుతున్నారు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్‌క్యుబేటర్ ఐదారు గంటలు 30 డిగ్రీల దాకా వేడెక్కింది. అంతవరకు ఒక్క మగ పురుగు కూడా లేని ప్లేట్లలో తర్వాతి తరంలో నాలుగైదు చొప్పున మగవి కనిపించాయి. మీ తాతగారి లంక పొలంలో వంగ వేళ్లకు పట్టే బుడిపె నులిపురుగుల్లో తిండి చాలనప్పుడు ఆడవి మగవిగా మారతాయని ఎక్కడో చదివారు. అందుకని ఇక్కడ కూడా వేడికి లింగం మారిందేమో అని అడిగారు. దాంతోపాటే ఇంకో చిక్కు చెప్పారు: రెండు ఎక్స్ క్రోమోజోములున్న పురుగు ఆడది కావాలి కదా, అదే పురుగు ముందు శుక్రకణాలను, తర్వాత అండాలను ఎలా తయారుచేస్తుంది?

ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదాన్ని త్వరగా తేల్చేస్తాను. ముప్ఫై ఏళ్లు ఈ పురుగులతో గడిపిన నాకు రెండోదే ప్రాణం.

మీ మగ పురుగులు మారినవి కావు, మగవిగానే పుట్టినవి. ఈ పురుగులో వై క్రోమోజోము లేదు. ఉన్నవి మగవి, ఉభయలింగులు; ఉభయలింగి అంటే ఆడ శరీరంతోనే శుక్రకణాలు, అండాలు రెండూ చేసేది. ఉభయలింగికి ఎక్స్‌లు రెండు, మగదానికి ఒక్కటే. మిగిలిన ఐదు జతలూ ఇద్దరికీ సమానం. ఉభయలింగి తనంతట తాను ఫలదీకరణ చేసుకుంటే పిల్లలన్నీ ఉభయలింగులే కావాలి. కానీ క్షయకరణ విభజనలో (బీజకణాల్లో క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజనలో) ఎప్పుడైనా రెండు ఎక్స్‌లు విడిపోకుండా ఒకే వైపు వెళ్తాయి. అప్పుడు ఎక్స్ లేని బీజకణం ఒకటి మిగులుతుంది. దాని నుంచి వచ్చే పిల్లకు ఎక్స్ ఒక్కటే ఉంటుంది, అది మగది అవుతుంది. మామూలుగా ఇది వెయ్యికి ఒకటి రెండుసార్లు జరుగుతుంది. వేడి తగిలితే ఆ విభజనలో తప్పులు పెరుగుతాయి. ప్రయోగశాలల్లో మగ పురుగులు కావలసి వచ్చినప్పుడు నాలుగో దశ డింభకాలను (పెద్దవి కావడానికి ముందు చివరి దశలో ఉన్న పిల్లలను) 30 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచడం ఇప్పటికీ వాడే పద్ధతే. మీ కరెంటు కోత తెలియకుండా అదే పని చేసింది. తప్పు జరిగింది తల్లి బీజకణంలో. పిల్ల మీద వేడి చేసిన పని ఏదీ లేదు.

బుడిపె నులిపురుగుల గురించి మీరు చదివింది మాత్రం నిజమే. వేరు లోపలికి చేరిన డింభకాలు కిక్కిరిసిపోయి, తిండి చాలకపోతే, ఆడదిగా ఎదుగుతున్న డింభకం దారి మార్చుకుని మగదవుతుంది. దీనికి సాక్ష్యం ఆ మగ పురుగు ఒంట్లోనే ఉంటుంది. మొదటి నుంచీ మగదిగా ఎదిగినదానికి వృషణం ఒకటే. మధ్యలో మారినదానికి రెండు, ఎందుకంటే ఆడదానికి అండకోశాలు రెండు. అక్కడ చుట్టూ ఉన్న పరిస్థితే తీర్పు చెబుతోంది. సి. ఎలిగాన్స్‌లో పిండం తన ఎక్స్‌లను ఆటోసోములతో (ఎక్స్ కాని మిగిలిన క్రోమోజోములతో) పోల్చి లెక్కపెట్టుకుంటుంది. ఒక్క నులిపురుగును చూసి నులిపురుగులన్నిటి గురించి చెప్పకూడదని మా గురువులు మాకు మొదటి వారంలోనే చెప్పారు. ఆ మాట మీకూ చెబుతున్నాను.

ఇక రెండో ప్రశ్న.

పాఠ్యపుస్తకాలు "ఎక్స్‌కూ ఆటోసోములకూ ఉన్న నిష్పత్తి లింగాన్ని నిర్ణయిస్తుంది" అని ఒక్క వాక్యం రాసి ఆగిపోతాయి. ఆ వాక్యం తప్పు కాదు. కానీ అక్కడితో ఆపడం వల్లే మీలాంటి విద్యార్థులకు ఈ చిక్కు వస్తోంది. నిష్పత్తి జీవితంలో ఒకసారి, పిండదశలో కొలిచేది. ఆ తర్వాత అది మారదు. మరి ఒకే పురుగులో, ఒకే బీజకోశపు గొట్టంలో, ఒకే మూలకణాల నుంచి నాలుగో దశలో శుక్రకణాలూ, పెద్దయ్యాక అండాలూ వస్తున్నాయంటే, నిష్పత్తి కాకుండా ఇంకేదో కాలాన్ని బట్టి మారుతూ ఉండాలి. దాన్నే వెతకాలి.

ముందు ఆ గొట్టాన్ని ఊహించుకోండి. ఉభయలింగికి యు ఆకారంలో వంగిన రెండు భుజాలుంటాయి. ప్రతి భుజం కొసన ఒక కణం కూర్చుని, దగ్గరలోని బీజకణాలను విభజన చెందుతూ ఉండమంటుంది. ఆ కొస నుంచి దూరం జరిగిన కణాలు క్షయకరణ విభజనలోకి దిగి, ముందుకు కదులుతూ, ఏదో ఒకటి అవుతాయి. మొదట వచ్చిన కణాలు ఒక్కో భుజంలో సుమారు 150 శుక్రకణాలవుతాయి. అవి శుక్రగ్రాహికలో నిలవ ఉంటాయి. ఆ తర్వాత అటునుంచి వచ్చేవన్నీ అండాలే, చివరి వరకు. కాబట్టి సొంత పిల్లల సంఖ్య దాదాపు 300 దగ్గర ఆగిపోతుంది. అండాలకు కొరత ఉండదు, శుక్రకణాలకే కొరత.

మన డెల్టా వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. అదే పొలం, అదే మట్టి. ముందు సార్వా, తర్వాత దాళ్వా. పొలం మారలేదు, పంట మారింది. అయితే సార్వా కోత ఆలస్యమైతే దాళ్వా నాట్లు వెనకబడతాయని మీ తాతగారిని అడిగితే చెబుతారు. ఈ పోలికను మనసులో ఉంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు జన్యువుల వరుస చూద్దాం. దానికి ముందు ఒక హెచ్చరిక. ఈ జన్యువుల పేర్లు అవి చేసే పనిని బట్టి పెట్టినవి కావు, అవి చెడిపోతే పురుగు ఏమవుతుందో దాన్ని బట్టి పెట్టినవి. ఫెమ్ అంటే ఆ జన్యువు చెడితే పురుగు ఆడది అవుతుందని. అంటే దాని అసలు పని మగ లక్షణం ఇవ్వడం. ట్రా చెడితే రెండు ఎక్స్‌ల పురుగు మగదిగా మారుతుంది, కాబట్టి దాని అసలు పని ఆడ లక్షణం నిలబెట్టడం. ఫాగ్ చెడితే బీజకణాలు ఆడవి అవుతాయి, అంటే దాని పని శుక్రకణాలు చేయించడం. ఈ తిరకాసు పట్టుబడక మొదటి ఏడాదంతా తికమకపడిన విద్యార్థులను చాలామందిని చూశాను. కాగితం మీద ఒకసారి రాసుకుని గోడకు అంటించండి.

మగ పిండంలో హెర్-1 అనే ప్రోటీను కణాల నుంచి బయటకు వస్తుంది. ఊళ్లో దండోరా వేసినట్టు ఒంటినిండా తిరిగి, కణాల ఉపరితలం మీదున్న ట్రా-2ను పట్టుకుని దాని నోరు మూయిస్తుంది. ట్రా-2 మూగబోతే ఫెమ్-1, ఫెమ్-2, ఫెమ్-3లకు స్వేచ్ఛ వస్తుంది. అవి ట్రా-1 అనే ప్రోటీనును నాశనానికి పంపుతాయి. ట్రా-1 పోతే మగ జన్యువులకు అడ్డు తొలగుతుంది. రెండు ఎక్స్‌ల పురుగులో హెర్-1 దండోరా ఉండదు, ట్రా-2 ఫెమ్‌లను పట్టి ఉంచుతుంది, ట్రా-1 నిలుస్తుంది, శరీరం ఆడది అవుతుంది. శరీరం వరకు కథ ఇంతే. ఈ వరుసను జన్యువుల జంటలను కలిపి చూసి, ఏది ముందు ఏది వెనక అని తేల్చిన వాళ్లలో ముఖ్యుడు జొనాథన్ హాజ్‌కిన్. సిడ్నీ బ్రెనర్ ఈ పురుగు మీద మొదటి పెద్ద జన్యు పత్రాన్ని ప్రచురించింది 1974లో. దాని తర్వాత పదిపదిహేనేళ్లలోనే ఈ గొలుసులో ఎక్కువ భాగం తెలిసిపోయింది.

బీజకణాలకు అదే గొలుసు. కానీ చివరన ఫాగ్-1, ఫాగ్-3 అనే ఇంకో రెండు కొక్కేలు తగిలించి ఉంటాయి. ఈ రెండూ పనిచేస్తే బీజకణం శుక్రకణమవుతుంది, లేకపోతే అండమవుతుంది. ఇవి శరీరం జోలికి వెళ్లవు. ఫాగ్-3 చెడిన మగ పురుగును నేను మొదటిసారి మైక్రోస్కోపులో చూసిన రోజు ఇంకా గుర్తుంది: విసనకర్రలాంటి మగ తోక, మగ నడక, లోపల మాత్రం వరుసగా అండాలు. శరీరం నిర్ణయం వేరు, బీజకణం నిర్ణయం వేరు అని ఎన్ని పేజీలు చదివినా కుదరని నమ్మకం ఆ ఒక్క చూపుతో కుదిరింది.

సరే, రెండు ఎక్స్‌ల పురుగులో ట్రా-2 బలంగా ఉండాలి కదా, మరి నాలుగో దశలో ఫెమ్‌లు ఎలా బయటపడ్డాయి? జవాబు క్రోమోజోము దగ్గర లేదు, జన్యువు స్విచ్ దగ్గరా లేదు. జన్యువు నుంచి నకలుగా వచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ తోకలో ఉంది.

దీన్ని కాలువ భాషలో చెబుతాను. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలారు, ప్రధాన కాలువ నిండుగా పారుతోంది. మీ పొలం ఎండుతోంది. కారణం, మీ తూము షట్టరు దించి ఉంది. ఆనకట్ట దగ్గరకు వెళ్లి నీళ్లున్నాయా అని కొలిస్తే ఉన్నాయనే చెబుతారు. తేడా కనబడేది తూము దగ్గరే. ట్రా-2 విషయంలో అచ్చంగా ఇదే జరుగుతుంది. బీజకణంలో ట్రా-2 ఎంఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. కానీ దాని చివర, ప్రోటీనుగా అనువాదం కాని తోకలో, 28 అక్షరాల పొడవున్న ఒకే వరుస రెండుసార్లు పక్కపక్కనే ఉంటుంది. జీఎల్‌డీ-1 అనే ప్రోటీను వచ్చి అక్కడ అంటుకుంటుంది. ఫాగ్-2 అనే ఇంకో ప్రోటీను దానికి తోడు నిలుస్తుంది. షట్టరు దిగినట్టే: ఎంఆర్‌ఎన్‌ఏ ఉంది, ట్రా-2 ప్రోటీను తగినంత తయారవదు. ఫెమ్‌లకు స్వేచ్ఛ, ఫాగ్-1, ఫాగ్-3లకు పని, బీజకణం శుక్రకణం.

ఈ తూము ఎంత ముఖ్యమో తెలియాలంటే దాన్ని పగలగొట్టి చూడాలి. ట్రా-2 తోకలోని ఆ వరుసలు పోయిన పురుగుల్లో షట్టరు దిగదు. ట్రా-2 ఆగకుండా తయారవుతుంది, రెండు ఎక్స్‌ల పురుగు ఒక్క శుక్రకణం కూడా చేయదు. అచ్చమైన ఆడ పురుగు అయిపోతుంది. ఫాగ్-2 చెడినా అదే ఫలితం. విశేషమేమిటంటే ఫాగ్-2 చెడిన మగ పురుగుకు ఏ లోపమూ ఉండదు, ఎందుకంటే దానికి హెర్-1 దండోరా ఉంది, ట్రా-2ను నొక్కడానికి ఇంకో సాయం అక్కరలేదు. అందుకే ఫాగ్-2 లేని రకాన్ని ఆడ, మగ పురుగులుగా తరతరాలు పెంచవచ్చు.

తర్వాత శుక్రకణాల పంట ఆపాలి. దీనికి వేరే తూము, వేరే కాపలా. ఈసారి ఫెమ్-3 ఎంఆర్‌ఎన్‌ఏ తోక. 1980లలో జుడిత్ కింబల్ బృందానికి కొన్ని వింత పురుగులు దొరికాయి. అవి రెండు ఎక్స్‌ల పురుగులే, శరీరం మామూలే, కానీ పెద్దయ్యాక కూడా శుక్రకణాలే చేస్తూ పోతాయి, అండం అన్నదే లేదు. ఫెమ్-3లో వాటికి వచ్చిన మార్పులను అక్షరం అక్షరం చదివితే, ప్రోటీను భాగంలో ఏమీ మారలేదు. తోకలో కొద్ది అక్షరాల చిన్న ముక్కలోనే మార్పులు పోగుపడి ఉన్నాయి. అంటే అక్కడ ఎవరో వచ్చి అంటుకోవాలి, అక్షరం మారడం వల్ల అంటుకోలేకపోతున్నారు. ఆ వచ్చేది ఎవరో 1997లో తేలింది: ఎఫ్‌బీఎఫ్ అనే జంట ప్రోటీన్లు, ఈగల్లోని పుమిలియో అనే ప్రోటీనుకు దగ్గరి బంధువులు. నానోస్-3 అనేది దానికి సాయం. ఈ కాపలా ఫెమ్-3 షట్టరు దించితే ట్రా-1 మళ్లీ నిలుస్తుంది, బీజకణాలు అండాలవైపు తిరుగుతాయి. ఎఫ్‌బీఎఫ్ రెండూ లేని పురుగు శుక్రకణాలు చేయడం ఆపలేదు.

అంటే ముందు ట్రా-2 తూము మూత, తర్వాత ఫెమ్-3 తూము మూత. జన్యువులు రాసిన నకళ్లు రెండు కాలాల్లోనూ కణంలో ఉండవచ్చు. ఎవరి వంతు ఎప్పుడన్నది తోకల దగ్గర నిలబడ్డ ఈ లస్కర్లు చూసుకుంటారు. దాళ్వాకు నీళ్లు తక్కువైన ఏడాది వంతుల వారీగా వదిలే పద్ధతి చూసిన వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నేను వేసిన ఈ బొమ్మ ట్రా-1 దగ్గర కొంచెం సరళం చేసింది. ట్రా-1 పూర్తిగా పోతే రెండు ఎక్స్‌ల పురుగు శరీరం మగదవుతుంది కానీ, బీజకణాలు కేవలం శుక్రకణాల దగ్గర ఆగిపోవు. వాటిలో కొన్నింటిలో అండాలు కూడా కనిపిస్తాయి. అంటే బీజకణాల్లో ట్రా-1 శుక్రకణాలను అడ్డుకోవడమే కాదు, వాటిని కొనసాగించడానికి సాయం కూడా చేస్తుంది. పరీక్షకు సరళమైన గొలుసు చాలు. పరిశోధనకు వెళ్తే ఈ ముడిని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు సార్వా, దాళ్వాల దగ్గరకు వస్తాను. శుక్రకణాలే కొరత అయితే పురుగు ఇంకొన్ని చేసుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. హాజ్‌కిన్, బార్న్స్ 1991లో దీన్నే పరీక్షించారు. వాళ్ల దగ్గర శుక్రకణాలను దాదాపు సగం ఎక్కువ చేసే ఒక పురుగు రకం ఉంది. దాని పిల్లల సంఖ్య కూడా ఆ మేరకు పెరిగింది. అయినా మామూలు పురుగుతో పోటీ పెడితే అది ఓడిపోయింది. కారణం ఆలస్యం. ఎక్కువ శుక్రకణాలు చేసేంతసేపు గొట్టం అండాలకు తెరుచుకోదు, మొదటి గుడ్డు వెనకబడుతుంది. కుళ్లే పండు మీద బ్యాక్టీరియా తిని బతికే ప్రాణికి తిండి కొద్ది రోజులే ఉంటుంది. ముందు పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన పిల్ల అప్పటికే తన పిల్లలను కంటూ ఉంటుంది. మొదటి పంట దిగుబడి పెంచుకోవాలని కోత వాయిదా వేస్తే ఏడాది మొత్తం మీద నష్టపోయినట్టు. ఎఫ్‌బీఎఫ్ షట్టరు దించే వేళకు ఇంత విలువ ఉంది.

ఉభయలింగత ఎలా పుట్టిందన్నది ఇంకా అందమైన సంగతి. సి. ఎలిగాన్స్‌కు దగ్గరి బంధువు సి. బ్రిగ్సే. ప్రపంచమంతా వాడే దాని ప్రామాణిక రకం మన దేశపు మట్టి నుంచి, అహ్మదాబాద్‌లో తీసినది. దాని జన్యుక్రమమే 2003లో వెలువడింది. అదీ ఉభయలింగే, అదీ ముందు శుక్రకణాలు, తర్వాత అండాలు చేస్తుంది. చూస్తే రెండిటికీ ఒకే తాత నుంచి వచ్చిన అలవాటు అనిపిస్తుంది. కానీ బ్రిగ్సేలో ఫాగ్-2 జన్యువే లేదు. దాని బదులు షీ-1 అనే వేరే జన్యువు ఆ పని చేస్తుంది. అంతకన్నా వింత, ఎలిగాన్స్‌లో ఫెమ్ చెడితే రెండు ఎక్స్‌ల పురుగు శుక్రకణాలు చేయలేని ఆడది అవుతుంది. బ్రిగ్సేలో ఫెమ్ చెడినా అది ఉభయలింగిగానే ఉంటుంది! ఇద్దరు రైతులు ఒకే పంట తీశారు, ఒకరు ఒక తూము దగ్గర, ఇంకొకరు ఇంకో తూము దగ్గర మార్పు చేసుకుని. ఈ అలవాటు రెండిటిలో విడివిడిగా పుట్టింది.

మరి ఆడ, మగగా విడిపోయిన పురుగును మనమే ఉభయలింగిని చేయగలమా? 2009లో ఒక బృందం సి. రెమానే అనే జాతితో చేసి చూపించింది. ట్రా-2 పనిని తగ్గించేసరికి ఆడ పురుగు శుక్రకణాలు చేసింది. కానీ అవి నిద్రలో ఉన్నట్టు ఉండిపోయాయి, ఫలదీకరణ జరగలేదు. శుక్రకణాలను చైతన్యపరిచే వ్యవస్థను అదుపులో పెట్టే ఇంకో జన్యువు పనినీ తగ్గించాక, ఆ ఆడ పురుగు మగ సాయం లేకుండా పిల్లలను కన్నది. రెండు చిన్న మార్పులు, అంతే. ఈ పత్రం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మీ మగ పురుగుల దగ్గరకు తిరిగి వద్దాం. నా మాట నమ్మమని అడగను, మీరే పరీక్షించవచ్చు, పెద్ద ఖర్చు కూడా లేదు. వేడికి రెండు ఎక్స్‌ల పురుగే మగదై ఉంటే, దాని శుక్రకణాలన్నిటిలో ఒక్కో ఎక్స్ ఉంటుంది, దాని పిల్లలన్నీ రెండు ఎక్స్‌లవే అవుతాయి, మగవి రావు. ఎక్స్ జారిపోయి పుట్టిన మగదైతే, సగం శుక్రకణాల్లో ఎక్స్ ఉంటుంది, సగంలో ఉండదు, కాబట్టి పిల్లల్లో దాదాపు సగం మగవి రావాలి.

కష్టం ఒక్కటే: తల్లి దగ్గర తన సొంత శుక్రకణాలు ఉంటే లెక్క కలుషితమవుతుంది. మగ శుక్రకణాలు పెద్దవి, సొంత వాటిని నెట్టి ముందుకు వెళ్తాయి కాబట్టి కలుషితం కొద్దిగానే ఉంటుంది, అయినా లెక్క శుభ్రంగా ఉండటం మేలు. ఫాగ్-2 లేని రకం తెప్పించుకోగలిగితే దానికి మించినది లేదు. అది దొరకకపోతే పెద్ద వయసు ఉభయలింగులను తీసుకోండి. సొంత శుక్రకణాలు అయిపోయాక అవి ఫలదీకరణ కాని అండాలను పెడతాయి. ప్లేటు మీద గోధుమరంగు గుండ్రని ముద్దల్లా కనిపిస్తాయి, ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు. అలాంటి పురుగులను కొత్త ప్లేటులోకి మార్చి, ఒక రోజంతా మామూలు గుడ్లు ఏవీ రాలేదని చూసుకోండి. తర్వాత చిన్న తిండి మచ్చ వేసిన ప్లేటులో ఒకటి రెండు ఉభయలింగులను, ఐదారు మగ పురుగులను కలపండి. 20 డిగ్రీల దగ్గర ఉంచండి, ఈసారి ఇన్‌క్యుబేటర్‌కు బ్యాటరీ ఏర్పాటు చేసి. మర్నాడు మగవాటిని తీసేయండి. మూడు నాలుగు రోజులకు పిల్లలు నాలుగో దశకు వస్తాయి. అప్పుడు తోకలు చూసి లెక్కపెట్టండి. కనీసం 100 పురుగులను లెక్కించాక ఆ సంఖ్యలు నాకు పంపండి.